నాలుగు ఊళ్లు, పది వేళ్లు

నేను ఒక రాయిని. దేవుడయ్యే రాయిని కాదు, దేవుణ్ణి రుద్దే రాయిని. ఆళ్లగడ్డ శిల్పుల షెడ్లలో నన్ను పాలిష్ రాయి అంటారు. కొండలో పుట్టానని గొప్పలు చెప్పుకోవడానికీ లేదు. మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో ఇసుకనూ బొగ్గునూ కొలిమిలో మండించి, పొడి కొట్టి, అచ్చులో నొక్కి నన్ను ఇటుకంత చేశారు.

మొదట నంద్యాలలో మొజాయిక్ గచ్చులు రుద్దే ఇమాంసా చేతిలో పడ్డాను. మోకాళ్ల మీద కూర్చుని నెలరోజులు రుద్దేవాడు. ఇంటివాళ్లు వచ్చి అద్దంలా ఉందని మురిసిపోయి, మర్నాడే దాని మీద చాపలు పరిచేవాళ్లు. మనుషుల మీద నాకు అనుమానం అక్కడే మొదలైంది. తర్వాత టైల్స్ వచ్చాయి, ఇమాంసా పని పోయింది. సామాను అమ్మేసుకుంటూ నన్ను మాత్రం ఊరికే ఇచ్చేశాడు. తీసుకున్నవాడు మోనాచారి.

మోనాచారి శిల్పి. విగ్రహం ఒళ్లంతా మిషన్‌తో చేసినా, మొహం దగ్గరికి వచ్చేసరికి మిషన్ ఆపేసి నన్ను తీసేవాడు. మొహాలకే వాడాడు కాబట్టి పదకొండేళ్లు బతికాను. ఇటుకంత ఉన్నదాన్ని అరిగి అరిగి సబ్బుబిళ్లంత అయ్యాను. అతని పద్ధతి ఒకటే. నీళ్లు చల్లి నాలుగుసార్లు రుద్దడం, తర్వాత ఉత్త వేలితో తడిమి చూడడం. కంటిని నమ్మేవాడు కాదు. "కన్ను మొగమాటపడ్తాది, యేలు పడదు" అనేవాడు. నేను దేవత బుగ్గను అరగదీస్తే, ఆ బుగ్గా నేనూ కలిసి అతని వేళ్లను అరగదీశాం. ఒక్క గీత లేకుండా, గాజు గోళీల్లా ఉండేవి ఆ వేళ్ల కొసలు.

ఒక సంగతి ముందే తేల్చేస్తాను. అతని ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ము నాది కాదు. అది మిషన్‌ది. నేను నీళ్లలో పనిచేసేదాన్ని, నాకు దుమ్ము ఉండదు. వేళ్ల నేరం మాత్రం నాదే, దాన్ని ఎవరి మీదా తోయను.

షెడ్డు గోడకు రెండు ఫొటోలు అంటించి ఉండేవి. పని నేర్పిన గురువు ఏదో పుస్తకంలోంచి చింపి ఇచ్చినవి. ఒకదాంట్లో చచ్చిపోయిన కొడుకును ఒళ్లో పెట్టుకున్న పాలరాతి తల్లి. రెండోదాంట్లో నిలబడి పక్కకు చూస్తున్న పాలరాతి కుర్రవాడు. రెండూ ఇటలీలో ఉన్నాయి. మోనాచారికి ఈ ఫొటోల మీద ముప్ఫై ఏళ్లుగా ఒకటే పేచీ.

"మన దేవుళ్లకు ఈపు గోడకే గదా, ఎట్లున్నా ఒకటే. ఈ పిల్లోని ఈపు గుడకా చెక్కినారంట. యాడ సూపిచ్చినాడు ఈ ఫొటో తీసినోడు?" అని తిట్టుకునేవాడు. చచ్చేలోపల ఒక్కసారి ఆ కుర్రవాడి విగ్రహం చుట్టూ తిరిగి వెనక్కి పోయి చూడాలని అతని కోరిక. అంతకు మించి ఇటలీలో అతనికి పనిలేదు.

కర్నూలు డాక్టరు ఊపిరితిత్తుల ఫిల్ము చూసి చెప్పాడు. ఈ ఏడు దసరాలోపల అయితే విమానం ఎక్కవచ్చు, ఆ తర్వాత తాను ఒప్పుకోనని. అప్పుడు కూతురు భ్రమరాంబ నడుం కట్టింది. ఆ అమ్మాయి కోవెలకుంట్ల దగ్గర సైన్సు టీచరు, తండ్రి పంతమే వచ్చింది. రూళ్ల నోటుబుక్కు, ఫోను పట్టుకుని ప్రతి ఆదివారం షెడ్డులో కూర్చుని తొమ్మిది రోజుల ప్రయాణం గీసింది. తల్లీ తండ్రీ తనూ ముగ్గురూ పోవాలి. రోములో మూడు రోజులు, ఫ్లారెన్సులో రెండు, పాలరాతి గనులున్న కరారాలో ఒకటి, వెనిస్‌లో ఒకటి, రానూ పోనూ రెండు.

వెనిస్ ఎందుకన్నాడు మోనాచారి. అక్కడ రాళ్లు చెక్కిన మొనగాడెవడూ తనకు తెలియదన్నాడు.

"నాకు ఒగటన్నా వద్దా?" అంది భార్య కాళమ్మ. "నీళ్లల్లో ఇండ్లు కట్టుకున్నారంట, సూసొస్తా. మీ తండ్రీబిడ్డలు రాళ్ల సుట్టూ తిరగండి."

వెనిస్ నిలబడింది. కాళమ్మ ఆ రోజునుంచే గొడ్డుకారం, చింతపండు, కొర్రబియ్యం మూటలు కట్టడం మొదలుపెట్టింది, అక్కడ పొయ్యి ఎవరిస్తారని ఎవరూ అడగలేదు.

రెండో ఆదివారం భ్రమరాంబకు ఫోనులో పిడుగులాంటి కబురు ఒకటి కనపడింది. రోములోని తల్లి విగ్రహం అద్దం వెనక ఉందట, దూరం నుంచి ముందు వైపు చూడడమేనట. ఎవడో సుత్తితో కొట్టాడట ఎప్పుడో. తండ్రికి చెప్పాలా వద్దా అని అరగంట గింజుకుని చివరికి చెప్పింది.

"సుత్తితోనా? ఆ యమ్మనా?" అన్నాడు మోనాచారి. మధ్యాహ్నం అన్నం తినలేదు. సాయంత్రం తేరుకుని, "రోములో ఒగ దినం తగ్గీ పాపా. ఆ పిల్లోని దగ్గర పెట్టు. ఆయన సుట్టూ తిరగనిస్తారా, కనుక్కో ముందు" అన్నాడు. తిరగనిస్తారని తేలింది. రోము రెండయింది, ఫ్లారెన్సు మూడయింది.

ఆ మర్నాటినుంచి అతను తాలీము మొదలుపెట్టాడు. ముంగిట్లో సగం చెక్కిన పెద్ద ఆంజనేయుడు ఉంటే, దాని చుట్టూ నడిచేవాడు. మొదట సగం చుట్టుకే ఆయాసం వచ్చి తోక దగ్గర కూలబడేవాడు. నెలకు పూర్తి చుట్టు వచ్చింది. రెండు నెలలకు రెండు చుట్లు. రెండో చుట్టు పూర్తయిన రోజు నన్ను జేబులోంచి తీసి, "అయిపోయిందిరా, ఇంక పోతాండాం" అన్నాడు. నాతో మాట్లాడడం అతనికి అలవాటే. నేనూ వెర్రిదాన్ని, నమ్మాను.

వీసాకు హైదరాబాదు వెళ్లాం. కాగితాలన్నీ సరిగానే ఉన్నాయి. వేలిముద్రలకని అద్దం మీద వేళ్లు పెట్టమన్నారు. పెట్టాడు. తుడిచి పెట్టమన్నారు. ఒక్కొక్క వేలే నొక్కమన్నారు. పదిసార్లయినా మిషన్‌కు అక్కడ మనిషి ఉన్నట్టే తోచలేదు.

భ్రమరాంబ కంగారు పడలేదు. "వేలు పడకపోతే కన్ను తీసుకోండి సార్" అంది. మా వైపు చౌకబియ్యం దుకాణంలో అంతే మరి. శిల్పుల వీధిలో సగంమందికి వేళ్లు పడవు, కన్ను చూపించి బియ్యం తెచ్చుకుంటారు. ఇటలీవాళ్లకూ ఆ మాత్రం ఇంగితం ఉంటుందనుకుని ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉన్నారు. తొమ్మిది రోజుల్లో ఏ పూట ఎక్కడ ఏం తినాలో రాసుకున్న నోటుబుక్కులో ఈ వేలిముద్రల ముక్క ఒక్కటీ లేదు.

కౌంటరు దగ్గరి కుర్రాడు మర్యాదస్తుడే. కంటితో కుదరదన్నాడు. వేళ్లు లేనివాళ్లకు మినహాయింపు ఉందట, చర్మం మళ్లీ మొలిచేవాళ్లకు లేదట. "ఇరవై రోజులు పని మానేసి రండి పెద్దాయనా, గీతలు వచ్చేస్తాయి" అని ఇంకొక్క తేదీ ఇచ్చాడు. ఆ తర్వాత తేదీలు లేవు. అప్పటికి ప్రయాణం వారం దూరంలో ఉంటుంది.

ఇంటికి రాగానే కాళమ్మ నన్ను మొగుడి జేబులోంచి లాగి షెడ్డు గూట్లో పెట్టింది. రోజూ అతని వేళ్లకు వెన్న రాసి గుడ్డ చుట్టేది. పొద్దున్నే భ్రమరాంబ ఇంకు ప్యాడు మీద వేళ్లు అద్ది నోటుబుక్కులో వేయించేది. వారం దాకా నల్లటి మచ్చలే పడ్డాయి. పదో రోజున బొటనవేలి అంచున మూడు గీతలు. పధ్నాలుగో రోజుకు ఎనిమిది వేళ్ల మీద సన్నగా, చిన్నపిల్లల వేళ్ల మీద ఉన్నట్టు. కాళమ్మ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. నేను గూట్లోంచి చూస్తూ, ఇంక నన్ను తాకకపోతే చాలు దేవుడా అనుకున్నాను.

పదిహేడో రోజు మధ్యాహ్నం కాళమ్మ సంతకు పోయింది. షెడ్డులో చౌడమ్మ విగ్రహం ఉంది. వడ్డుగండ్ల పక్క ఒక ఊరిది, ప్రతిష్ఠ దగ్గరపడింది. మోనాచారి బావమరిది నాగలింగం దాన్ని పూర్తిచేసి, "అయిపోయింది బావా, ఒగసారి సూడు" అని చెప్పి భోజనానికి వెళ్లాడు. మోనాచారి గుడ్డ విప్పి అమ్మవారి ఎడమ చెంప తడిమాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ తడిమాడు. కుడి చెంప తడిమాడు. తర్వాత అతను చేసిన పని నేను ఊహించలేదు. గూటి దగ్గరికి వచ్చి నన్ను తీసి, నా మీద వేలు పెట్టి చూశాడు.

"ఏమీ తెలియడంలే" అన్నాడు.

కొత్త చర్మం. లేత చర్మం. దానికి అన్నీ గరుకే, నునుపూ గరుకే. నలభై ఏళ్లు అతనికి నిజం చెప్పిన వేళ్లు పోయి ఎవరివో వేళ్లు వచ్చి కూర్చున్నాయి. చెంప బాగుందో లేదో అతనికి అంతుబట్టలేదు. ఇంకెవరైనా అయితే నాగలింగం మాట మీద వదిలేసి పోయేవాడు.

నీళ్లు చల్లాడు. నాలుగుసార్లు రుద్ది తడిమాడు. తెలియలేదు. మళ్లీ రుద్దాడు. లేత వేళ్లు మండుతున్నా ఆపలేదు. మొదట చెంప కోసమే రుద్దాడు, అది నాకు తెలుసు. తర్వాత తర్వాత తన వేళ్లు తనకు తిరిగి రావాలని రుద్దాడు. ఆ అరచేతిలోంచి నేను జారిపోవచ్చు. సబ్బుబిళ్లంత ఉన్నాను, తడిసి ఉన్నాను, కిందపడితే రెండు ముక్కలయ్యేదాన్ని. జారలేదు. ఎప్పటిలాగే బుద్ధిగా నా పని నేను చేశాను. మూడు గంటలకు అతను వేలితో తడిమి, కళ్లు మూసుకుని, "ఆఁ, ఇప్పుడు తెలిసె. ఇదో ఈడ" అన్నాడు. నిజంగానే అక్కడ వెంట్రుకంత మిషన్ గీత ఉంది. దాన్ని తీసేశాడు. అప్పటికి వేళ్ల మీది గీతలు కూడా పోయాయి.

సంతనుంచి వచ్చిన కాళమ్మ తడిచేతులు చూసి బుట్ట కింద పెట్టి అలాగే కూర్చుండిపోయింది. భ్రమరాంబ మాత్రం అరిచింది. "మూడు దినాలు నాయనా! మూడు దినాలు ఓర్చుకోలేకపోతివా? ఎవరి కోసం చేస్తి ఇదంతా నేను?"

"యేలికి తెలియకుండా ఆడికి పోయి ఏం సూస్తా పాపా?" అన్నాడు అతను. తర్వాత గుడ్డతో అమ్మవారి చెంప తుడుస్తూ, "ఆ యమ్మ మొగం అట్ల పెట్టి యాడికి పోతా" అన్నాడు. అతను ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

రెండోసారి కూడా హైదరాబాదు వెళ్లారు, దింపుడుకళ్లం ఆశ. మిషన్ మొదటిసారి చెప్పిందే చెప్పింది. తల్లీకూతుళ్లకు వీసా వచ్చింది, అతనికి రాలేదు. నువ్వయినా పోయి ఆ కుర్రవాడి వెనక నిలబడి ఫొటో తీసుకురమ్మని కూతుర్ని బతిమాలాడు. ఆ అమ్మాయి కోపంతోనో ప్రేమతోనో పోనంది. ఆ తొమ్మిది రోజులూ ఆ ఇంట్లోనే గడిచాయి. ఇవాళ ఫ్లారెన్సు అని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. కాళమ్మ కట్టిన మూటలు విప్పి ఆ కొర్రబియ్యమే వండింది.

చౌడమ్మ ప్రతిష్ఠకు నాగలింగం వెళ్లివచ్చాడు. ఊరివాళ్లు ఘనంగా చేశారట. అదే రోజు అమ్మవారి మొహానికి వెండి తొడుగు తొడిగేశారట, కళ్లు తప్ప ఇంకేమీ కనపడదట. ఈ మాట చెబితే మోనాచారి, "తొడుక్కోనీలే" అన్నాడు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఆ చెంపను అతనూ నేనూ తప్ప ఎవరూ చూడలేదు, ఇక చూడరు.

దసరా దాటాక డాక్టరు అన్నంతా అయింది. ముక్కుకు గొట్టం, మంచం పక్కన గుర్రుమనే ఆక్సిజన్ మిషన్. కాళమ్మ నన్ను అతని దిండు పక్కన పెట్టింది. మూడు నెలలు అతను రాయి ముట్టలేదు.

మాఘమాసంలో ఒకటో తారీఖు పొద్దున సచివాలయం అమ్మాయి రమీజా పింఛను ఇవ్వడానికి వచ్చింది. ఆ వీధికి కొత్త. చిన్న మిషన్ తీసి అతని బొటనవేలు పట్టుకుంది. వేలు పడదమ్మా, కన్ను తీసుకో అంది కాళమ్మ. అప్పటికే మిషన్ కూసింది.

"పడిందే! ఒక్కసారికే పడింది తాతా!" అని ఆ అమ్మాయి సంబరంగా అతని చెయ్యి ఊపింది. "ఈ వీధిలో ఎవరికీ పడలేదు, మీదే ఫస్టు. ఎంత బాగున్నాయో గీతలు!"

కాళమ్మ, మంచం పక్కనే ఉన్న భ్రమరాంబ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రమీజా తనేం తప్పు అన్నదోనని బిత్తరపోయి సంతకం చేయించుకుని వెళ్లిపోయింది. మోనాచారి బొటనవేలిని కళ్ల దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గొట్టం కింద పెదవులు కదిలాయి.

"పాపా, ఇప్పుడు రానిస్తారు గదా. పోదామా?"

భ్రమరాంబ తండ్రి చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "పోదాం నాయనా" అని మాత్రం అనలేకపోయింది. అంత చిన్న అబద్ధం ఆ పిల్ల నోటికి రాలేదు, ఆయన జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.

ఆరో రోజు పోయాడు. నాగలింగం షెడ్డు ఊడ్చినప్పుడు నన్ను చెక్కుముక్కల కుప్పలో పారేశాడు. అతని తప్పు లేదు, నన్ను చూస్తే ఎవరికైనా అరిగిపోయిన సబ్బే. వాన పడితే తడుస్తున్నాను, ఎండ వస్తే ఆరుతున్నాను. చౌడమ్మ చెంప రుద్దిన ఆ మధ్యాహ్నం నేను చేతిలోంచి జారిపడి ఉంటే ఆయన వెళ్లి ఆ పాలరాతి కుర్రవాడి వీపు చూసి వచ్చేవాడు.