సొట్టలో ఊపిరి

తీరిక దొరికినప్పుడల్లా ఆమె పాత సామాన్ల బజారుకు వెళ్లి, ఎవరికీ అక్కర్లేని ఇత్తడి బాకాలు కొనుక్కొచ్చేది. వాయించడానికి కాదు, బాగుచెయ్యడం నేర్చుకోవడానికి. బ్యాండు వాయిద్యాలు మరమ్మతు చేసే మేస్త్రి దగ్గర కొత్తగా పనికి చేరింది. చేరీ చేరగానే ఒకాయన బాకాకి సొట్ట తీయబోయి చిల్లు పెట్టింది. ముందు నీ సొంత సరుకు మీద చెయ్యి తిప్పుకోమ్మా అన్నాడు మేస్త్రి. తిట్టలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఇంట్లో ఆమె బల్ల వంటగట్టు పక్కనే. గొట్టంలోకి కడ్డీ దూర్చి, దాని కొసనున్న ఉక్కు గుండుతో సొట్టను లోపల్నుంచి మెల్లగా నెట్టేది. సొట్ట లేచినప్పుడల్లా, ఎప్పుడో అక్కడ చిక్కుకుపోయిన ఊపిరి బయటికొచ్చేది. పాత బాకా అన్నాక ఊపిరుంటుంది కదా. ఒకదాంట్లోది లవంగం వాసనేసేది, ఇంకోదాంట్లోది నవ్వు మధ్యలో ఆపుకున్నట్టుండేది. గదిలో కాసేపు తచ్చాడి కిటికీలోంచి వెళ్లిపోయేది. పక్కింటావిడ తడిబట్టలు తెచ్చి, ఆ గాలికి త్వరగా ఆరతాయని ఆ కిటికీ బయటే ఆరేసుకునేది.

కిటికీ దగ్గర కుర్చీలో అమ్మ. ఒకప్పుడు వాగుడుకాయ అని పేరు. ఊపిరితిత్తులు మొరాయించాక, ఒకటి రెండు మాటలకే ఆయాసం. "మంచినీళ్లు." "తలుపెయ్యి." అంతే. రోజులు దగ్గరపడ్డాయని డాక్టరు కూతుర్ని పక్కకు పిలిచి చెప్పాడు.

ఆ వారం ఆమె ఒక భారీ బాకా మోసుకొచ్చింది. దాని వంపులో కొబ్బరికాయ పట్టేంత సొట్ట. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, తన దగ్గరికి లాగమని సైగ చేసింది. ఊదేచోట పెదాలు ఆనించింది.

కూతురు సొట్ట చుట్టూ వేలితో తడిమి చూసింది. సొట్ట దగ్గర ఇత్తడి కాగితంలా పల్చబడి ఉంది. పగిలితే ఊపిరంతా గాల్లో కలిసిపోతుంది. మేస్త్రిని పిలుచుకొస్తానంది. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నువ్వే," అంది.

ఆమె గుండు నెట్టింది, ఆగింది, చెక్క సుత్తితో పైనుంచి పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టింది, మళ్లీ నెట్టింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా ఇద్దరికీ పట్టలేదు. చివరికి సొట్ట టప్పున లేచింది.

బాకా నిలువెల్లా వణికింది. అమ్మ రొమ్ము గాలి తగిలిన తెరచాపలా ఉబ్బింది. ఉబ్బుతూనే ఉంది. ఒక మనిషిలో ఇంత ఊపిరుంటుందా అని కూతురు సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మ పెదాల నీలం చెదిరి ఎరుపెక్కింది.

అమ్మ నోరు తుడుచుకుని, ఎక్కడా ఆగకుండా మొదలుపెట్టింది.

"నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదే, పోయిందనుకుని గుడ్డ కప్పేశారు, నేనే ఆ గుడ్డ లాగేసి నీ నోట్లోకి ఊదుతూ కూర్చున్నా, మీ నాన్న ఇక చాల్లెమ్మన్నా వినలేదు, ఊదగా ఊదగా నీ ముక్కుపుటాలు కదిలాయి, నీ పెళ్లినాడు చెబుదామనుకుంటే నువ్వేమో పెళ్లే వద్దన్నావు, సర్లే, ఇంకా బోలెడున్నాయి, కుర్చీ లాక్కో."

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. అమ్మ చెప్పాలనుకున్నవన్నీ వినడానికి ఆమెకు ఏళ్లు పట్టింది.