దర్యాయి గుడి ముందు వాకిలి

కొబ్బరికాయల పండగ నారళీ పున్నమి నాడు మా కోళీ జాలరి ఆడవాళ్ళం ముందుగా దర్యాయి గుడికి వెళ్తాం. అమ్మ పాదాలకు తాకించిన కొబ్బరికాయను సాయంత్రం సముద్రానికి ఇచ్చాకే పడవలు నీళ్ళలోకి దిగుతాయి. మామగారు పోయాక మా పడవను వేరేవాళ్ళు నడిపారు. ఈ ఏడు నా భర్త మహాదూ మొదటిసారి తనే చుక్కాని పట్టబోతున్నాడు. అందుకని మా అత్త ద్రుపదాబాయి తెల్లవారకముందే తలంటుకుంది. ఆకుపచ్చ చీర గోచీ పోసి కట్టి, ఉన్న బంగారమంతా మెడలో వేసుకుని, కొప్పు చుట్టూ మల్లెలు తురుముకుంది. అంత ముస్తాబును నేను మా పెళ్ళిలో చూశాను, మళ్ళీ ఇప్పుడే.

గుడి బట్టల బజారు నడిబొడ్డున ఉంటుంది. ఒకప్పుడు సముద్రం అక్కడిదాకా ఉండేది. మా పాతవాళ్ళ వలలో పడిన రాయే దర్యాయి. తర్వాత సముద్రాన్ని పూడ్చారు, బజారు లేచింది, బజారు పెద్దలు ట్రస్టు పెట్టారు. నిరుడు పాలరాయి పరిచి, ఇనుప కంచెలు కట్టారు.

వాడకట్టు ఆడవాళ్ళమంతా కబుర్లాడుకుంటూ వరుసలో జరుగుతున్నాం. వాకిలి దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మావశీ, మీరు ఇటు కాదు. వెనక గేటుకి వెళ్ళాలి."

"మేమంటే ఎవరం?" అంది అత్త.

"కోళీవాడ వాళ్ళు. కొత్త పద్ధతి. పైవాళ్ళు చెప్పారు."

"ఎందుకట?"

వాడు నీళ్ళు నమిలాడు. "వాసన వస్తోందని భక్తులు అంటున్నారట."

వెనక గేటంటే వాడిన పూలూ, కుళ్ళిన అరటిపళ్ళూ పారబోసే సందు. అక్కడ ముక్కు మూసుకోకుండా నిలబడలేం. ఆ సంగతి వాడికీ తెలుసు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అత్త గొంతు పెంచలేదు. "వానలకి పడవలు ఒడ్డెక్కి రెండు నెలలు దాటింది. మా బుట్టలు అటక మీదున్నాయి. వాసన ఎక్కడ తగిలింది నీకు?" అంటూ అరచెయ్యి వాడి ముక్కు దగ్గర పెట్టింది. "చెప్పు, ఏం వాసన?"

"సబ్బు" అన్నాడు వాడు తల వంచుకుని.

"మరి నన్ను ఎలా పోల్చుకున్నావు? చీర కట్టు చూసేగా?"

పక్క వరుసలో పట్టుచీరావిడ కల్పించుకుంది. "పండగపూట ఎందుకమ్మా ఈ రగడ. వెనకనుంచి వెళ్తే దర్శనం కాదా?"

అత్త అటు తిరిగింది. "రేగే అమ్మగారూ, మీరా? అయితే మీరే వెళ్ళండి అటునుంచి. శ్రావణం అయిందో లేదో నా బుట్ట ముందు చతికిలబడి, చందువా మొప్పలు ఎత్తి ఎత్తి వాసన చూస్తారు. 'మా ఆయనకు నీ చేతి చేపే కావాలి' అంటారు. ఆ చెయ్యే ఇది."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. పట్టుచీరావిడ ఫోను తీసి చూసుకోసాగింది.

ఈలోగా ట్రస్టు పెద్ద వచ్చాడు. తెల్ల లాల్చీ, నుదుట ఇంత కుంకుమ. అత్తకు రెండు చేతులూ జోడించాడు. "మీరు నా తల్లిలాంటివారు. రండి, మిమ్మల్ని నేనే స్వయంగా తీసుకెళ్తాను."

"వీళ్ళు?"

"వాళ్ళు అటునుంచి వస్తారు. అందరికీ అంటే ఇబ్బంది కదా, అర్థం చేసుకోండి."

"అర్థమైంది" అంది అత్త. చీర సర్దుకుని మెట్ల మీద, సరిగ్గా వాకిలి మధ్యన కూర్చుంది. ఆవిడ పక్కన నేను, నా వెనక మిగతావాళ్ళందరూ. దారి మూసుకుపోయింది. వెనకాల జనం గొణిగారు, కొందరు తిట్టారు. "వీళ్ళకి నోరెక్కువ" అన్నారెవరో. నా చెవులు కాలిపోయాయి. లేచి జవాబివ్వబోతే అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

అప్పుడే బాజాలు వినిపించాయి. ఏటా బంగారు రేకు తొడిగిన కొబ్బరికాయను పల్లకిలో పెట్టి మా మగవాళ్ళు ఊరేగిస్తారు. ట్రస్టువాళ్ళు అతిథుల్ని పిలుస్తారు, ఫొటోలు తీయిస్తారు. ఎర్ర టోపీలు పెట్టుకుని మోసుకొస్తున్న ఖాళీ పల్లకికి ముందు కొమ్ము మహాదూదే.

"అమ్మా, ఇక్కడ కూర్చున్నావేం?"

"నా దగ్గర వాసనట. లోపలికి రాకూడదట" అంది అత్త. "నీ భుజానికి లేదులే. పల్లకి మోస్తావుగా."

మహాదూ ముఖం నల్లబడింది. వెనకవాళ్ళకు సైగ చేశాడు. పల్లకి నేల మీదికి దిగింది. బాజాలు ఆగిపోయాయి.

"సేఠ్, దీన్ని మీరే మోసుకోండి" అన్నాడు.

"అయ్యో, అతిథులు వచ్చేశారయ్యా" అన్నాడు ట్రస్టు పెద్ద. అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి కాపలా మనిషి మీద విరుచుకుపడ్డాడు. "ఎవడు చెప్పాడురా నీకు ఆపమని? తియ్యి."

ఆ అబద్ధం విన్నాక నాకు ఇంకా మండింది. కంచె తీశారు. అందరం ముందు వాకిలి గుండానే లోపలికి వెళ్ళాం.

గర్భగుడి ముందు పూజారి మామూలుగానే "కదలండి, కదలండి" అంటున్నాడు. అత్త కటకటాలు పట్టుకుని కదలలేదు. వెండి తొడుగులో, పూలదండల కింద, రాయి కనిపించనే లేదు.

"నీ ఇంట్లో నీ పిల్లల్ని ఇంత మాటంటుంటే చూస్తూ కూర్చున్నావా? నోరు పడిపోయిందా నీకు?" అంది అత్త, అందరికీ వినిపించేలా. పూజారి కదలమనడం మానేశాడు. కొబ్బరికాయ తీసుకుని పాదాలకు తాకించి, ఆవిడ ముఖం చూడకుండా తిరిగిచ్చాడు.

బయటికొచ్చాక బస్టాపు దాకా అత్త చీర చెంగుతో మెడ తుడుచుకుంటూనే ఉంది.

"ఆయన్ని సముద్రంలో చల్లగా చూడమని అమ్మను అడిగావా అత్తా?" అన్నాను.

అత్త ఆగిపోయింది.

"మరిచిపోయానే. వాడి పేరు ఎత్తడానికే వచ్చాను. వచ్చిన సంగతే మరిచిపోయేలా చేశారు నన్ను."

ఆ ఉదయమంతా ఎవరెన్నన్నా తడవని కళ్ళు అప్పుడు తడిశాయి. వెనక్కి వెళ్దామన్నాను. వరుస అప్పటికే బజారు మలుపు దాటిపోయింది. అయినా అత్త చెప్పుల చప్పుడు చేసుకుంటూ గుడివైపు తిరిగి నడిచింది. నేనూ వెంట నడిచాను. వరుస చివర నిలబడ్డాం, ముందు వాకిలి వైపే.