తోపుడాయన చైను

అద్దాలాయన రోజూ ఎనిమిదింపావుకి బండి బయటికి తీస్తాడు. వేలితో టైరు నొక్కి చూస్తాడు, సీటు తుడుస్తాడు, రెండో కిక్కుకి స్టార్ట్ చేస్తాడు. కళ్లద్దాల షాపులో ఉద్యోగం కాబట్టి ఆ పేరు. కూడలి దాకా అందరిలాగే వెళ్తాడు. అక్కడ అందరూ గోదాముల రోడ్డెక్కితే ఈయన మాత్రం ఊరంతా చుట్టుకుని వెళ్తాడు.

"ఆ రోడ్డున పోతే ఏమొచ్చింది మీకు?" అని భార్య అడిగితే "గతుకులు" అంటాడు. గోదాముల రోడ్డు నున్నగా ఉంటుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ఆ రోడ్డు మీద తోపుడాయన ఉంటాడు. అదీ అందరికీ తెలుసు. తొమ్మిదేళ్ల కిందట ఒక మండుటెండలో ఆయన బండి ఆగిపోయింది. చెయ్యెత్తితే ఎవరూ ఆగలేదు. నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటూ వచ్చి, నీళ్ల ట్యాంకు ఎదురుగా పడి చనిపోయాడు. మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట మళ్లీ నెట్టుకుంటూ కనిపిస్తున్నాడు. ట్యాంకు దాకా వస్తాడు. ఆ తర్వాత ఉండడు.

ఎవరి బండి ఆగినా తన బండిలోంచి ఆ సామాను విప్పి ఇస్తాడు. ప్లగ్గు, కేబుల్, కార్బురేటర్, ఏది కావలిస్తే అది. అలా ఊళ్లో చాలా బళ్లలో ఆయన సామానే ఉంది. ఆ సామాను ఎక్కిన బండి, దారిలో ఎవరిదైనా ఆగిపోయి ఉంటే పక్కన తనూ ఆగిపోతుంది. అది కదిలితేగాని ఇది కదలదు. ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి "ఎవరిదో ఆగింది సార్" అంటే ఇంకో మాట అడగరు.

ఆయన కోసం మాత్రం ఏ బండీ ఆగదు. వెనకనుంచి వచ్చి, ఆగిన బండి ఫుట్‌రెస్ట్ మీద కాలు ఆనించి, తన బండితో దాన్ని తోసుకుపోవడం అందరికీ అలవాటున్న పనే. ఆయన్ని అలా తొయ్యాలని చూసినవాళ్లున్నారు. కాలు పొగలో పెట్టినట్టు జారిపోయేది.

ఆ రోజు అద్దాలాయనకి వేరే దారి లేకపోయింది. ఆరేళ్ల కూతురికి కుడి కంట్లో పుట్టినప్పటి నుంచి పొర. ఆపరేషన్ చేసే డాక్టరు మూడు నెలలకోసారి వస్తుంది. ఇప్పటికే ఆలస్యమైంది, ఈసారి తప్పితే కన్ను చూపు నేర్చుకోవడం మానేస్తుందని చెప్పింది. కంట్లో పెట్టాల్సిన లెన్సు వేరే నంబరుది వచ్చింది. సరైనది తేవడానికి తనే లెన్సుల గోదాముకి పరిగెత్తాడు. నాలుగింటిలోగా ఆసుపత్రిలో ఉండాలి. లెన్సు డబ్బా చొక్కా జేబులో పెట్టుకునేసరికి మూడు దాటింది. చుట్టూ తిరిగితే గంటన్నర. గోదాముల రోడ్డయితే ఇరవై నిమిషాలు.

రెండు కిలోమీటర్లు పోయాక చైను తెగి రోడ్డు మీద పడింది.

వెనకే గుడ్ల ట్రేలతో వస్తున్న కోడిగుడ్లాయన బండి టప్పున ఆగింది. దాని వెనక లెక్కల టీచర్ స్కూటరు.

"మూడు ముక్కలైంది. దీన్ని అతికించడం బ్రహ్మతరం కాదు," అన్నాడు కోడిగుడ్లాయన చైను ఎత్తి పట్టుకుని. "ఎప్పుడైనా నూనె చుక్క చూపించావా తమ్ముడూ?"

"నన్ను ఎక్కించుకుని పోన్నా. పాపకి ఆపరేషను."

"నాది కదిలితే కదా! నీది కదలాలి ముందు."

"నాదీ అంతే," అంది టీచర్ కిక్కు కొట్టి కొట్టి. "కంగారుపడకండి, ఆయన వస్తారు."

"వచ్చి ఒక మాట అడుగుతాడు," అన్నాడు కోడిగుడ్లాయన గొంతు తగ్గించి. "తెలీదని చెప్పు. సామాను ఇచ్చేస్తాడు. మేమంతా అదే చెప్పాం."

తోపుడాయన వచ్చాడు. బండికి ఇంజనూ లేదు, ట్యాంకూ లేదు, సీటూ లేదు. ఫ్రేము, రెండు చక్రాలు, ఒక చైను. చొక్కా చెమటతో తడిసి వీపుకి అంటుకుని ఉంది. తొమ్మిదేళ్లుగా అదే చెమట.

"చైనా?" అన్నాడు. "తీసుకోండి. ఇదొక్కటే మిగిలింది." కూర్చుని విప్పుతూ అడిగాడు. "ఆ రోజు ఒకాయన వేగం తగ్గించి, అద్దంలోంచి నన్ను చూశాడండీ. ఆగుతాడనే అనుకున్నా. ఎవరో మీకేమైనా తెలుసా?"

కోడిగుడ్లాయన దగ్గాడు. అద్దాలాయన చెయ్యి జేబు మీదకి పోయింది. డబ్బా అక్కడే ఉంది. తెలీదంటే చాలు.

"నేనేనండీ," అన్నాడు.

తోపుడాయన చేతులు ఆగిపోయాయి. టీచర్ "అయ్యో" అంది, ఎవరి గురించో ఆమెకే తెలీదు.

"అంత తొందరేం?"

"ఇంటర్వ్యూ. నాలుగింటికి."

"సమయానికి అందుకున్నారా?"

"అందుకున్నాను. వాళ్లు అయిదున్నరకి పిలిచారు."

తోపుడాయన చాలాసేపు అతన్ని చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండునని అద్దాలాయనకి అనిపించింది. తర్వాత చైను పూర్తిగా విప్పి అతని చేతిలో పెట్టాడు. అంత ఎండలోనూ అది మంచు ముక్కలా ఉంది.

కోడిగుడ్లాయన బిగించాడు. మూడు బళ్లూ ఒకేసారి స్టార్టయ్యాయి. "పో తమ్ముడూ, పో!" అని అరిచి ముందు కోడిగుడ్లాయన, వెనక టీచర్ వెళ్లిపోయారు.

మూడూ ముప్పై అయిదు. అద్దాలాయన గేరు వేశాడు. అద్దంలో తోపుడాయన కనిపించాడు, ఖాళీ ఫ్రేము పట్టుకుని, వంగి, మొదటి అడుగు వేస్తూ.

బండి ఆగలేదు. తనే ఆపాడు. వెనక్కి తిప్పుకుని వచ్చి పక్కన నిలబెట్టాడు.

"మీ బండి ఎక్కండి. తోస్తాను."

"మీకు ఆలస్యమవుతుంది."

"అప్పుడూ అదే అనుకున్నాను. ఎక్కండి ముందు."

సీటు లేని తన ఫ్రేము కడ్డీ మీద తోపుడాయన కూర్చున్నాడు. అద్దాలాయన కుడికాలు చాచి దాని ఫుట్‌రెస్ట్ మీద పెట్టాడు. కాలు నిలిచింది. బరువు ఎంతలా తగిలిందంటే మోకాలు విరుగుతుందేమో అనుకున్నాడు. మొదటి గేరు, రెండో గేరు. రోడ్డు కదిలింది. నీళ్ల ట్యాంకు దగ్గరికొచ్చేసరికి పక్కనుంచి గట్టిగా ఊపిరి పీల్చుకున్న శబ్దం వినిపించింది. ట్యాంకు వెనకబడింది. పాదం కింద బరువు తగ్గుతూ వచ్చింది, కూడలి దగ్గర కాలు గాలిలోకి జారింది. పక్కన ఎవరూ లేరు.

ఆసుపత్రి వరండాలో గడియారం నాలుగింటికి రెండు నిమిషాలు తక్కువ చూపించింది. నర్సు డబ్బా లాక్కుని లోపలికి పరిగెత్తింది.

పాప కన్ను దక్కింది. కట్టు విప్పాక తండ్రి మొహం చూసి "నీకు మీసాలు సమంగా లేవు" అంది.

తోపుడాయన మళ్లీ కనిపించలేదు. ఆయన సామానున్న బళ్లు ఇప్పుడు ఎవరి కోసమూ వాటంతటవి ఆగవు. ఆఫీసుల్లో ఆ సాకు నమ్మడం లేదు. చెయ్యెత్తినవాళ్ల పక్కనుంచి చాలా బళ్లు అలా వెళ్లిపోతున్నాయి.

అద్దాలాయన మాత్రం రోజూ గోదాముల రోడ్డులోనే వెళ్తున్నాడు. కుడి పాదం ఆనాటి నుంచి చల్లగానే ఉంటుంది, భార్య వేడినీళ్లు పోసినా వెచ్చబడదు. దారిలో ఎవరైనా చెయ్యెత్తితే, ఎంత తొందరలో ఉన్నా, ఆయన చూడకముందే ఆ పాదం బ్రేకు మీద పడుతుంది.