దగ్గరి దారి షరతు

కూతురు కాగితం చదువుతూ నాలుగో షరతు దగ్గరికి వచ్చేసరికి తల్లి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది.

“రాకపోకల ఖర్చు దగ్గరి దారి లెక్కన మాత్రమే ఇవ్వబడును. రాత్రి బసకు ఏమీ ఇవ్వబడదు.”

దగ్గరి దారి అంటే క్వారీ అంచున పోయే దారి. లారీలను తూచే యంత్రాలు బాగుచేసే తండ్రి, నాలుగేళ్ల కిందట పని ముగించుకుని చీకట్లో తిరిగి వస్తూ వ్యానుతో సహా గోతిలో పడి చనిపోయింది అక్కడే. అదే కంపెనీ, అదే పని. ఇప్పుడు కూతురు దాన్ని కాంట్రాక్టు మీద ఒప్పుకోబోతోంది.

ఈ నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం వ్యాను గేటు దాకా వచ్చిన చప్పుడు తల్లి చెవిన పడుతూనే ఉంది. ఇంజిను ఆగుతుంది. తలుపు మాత్రం తెరుచుకోదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చి పట్టిందంటారు. చెప్పకుండా దాచుకుంటే నిజంగానే పడుతుందేమోనని ఇంకో భయం.

“చొక్కా కాలుతోందమ్మా.”

“కాలనీ. ముందు ఆ షరతు మార్పించు. చుట్టుదారిలో వెళ్తానని చెప్పు. రాత్రి అక్కడే ఉండి, తెల్లారాక బయల్దేరతానను. రెండు ఖర్చులూ వాళ్లే పెట్టుకోవాలి.”

“మొదటి కాంట్రాక్టుకే బేరాలు పెడితే పో పొమ్మంటారు.”

“టమాటాలకే బేరమాడతాం. ప్రాణానికి ఆడకూడదా?”

పైకి అలా అంది గానీ తల్లి మనసులో లెక్క వేరు. పిసినారి కంపెనీ. ఇంత అడిగితే ఛస్తే ఒప్పుకోరు. పని చేజారుతుంది. పిల్ల ఇంటి పట్టున ఉంటుంది.

కూతురు ఫోను స్పీకరులో పెట్టింది. ఎత్తింది కంపెనీలో ప్రయాణ ఖర్చులు చూసే గుమాస్తా. గొంతును బట్టి వయసు మళ్లినవాడే.

“చుట్టుదారి ఎందుకమ్మా? ఇదివరకు చేసినాయన ఆరేళ్లూ దగ్గరి దారినే వెళ్లొచ్చాడు. ఏనాడూ ఇంకోటి అడగలేదు.”

“ఆయన మా నాన్నండీ.”

అవతల కుర్చీ కిర్రుమంది.

“అబద్ధం చెప్పాను,” అన్నాడు గుమాస్తా. “ఒక్కసారి అడిగాడమ్మా. ఆ రోజే. పొద్దుపోయింది, కళ్లు మూతలు పడుతున్నాయి, ఇక్కడే గది తీసుకుంటే ఖర్చు ఇస్తారా అన్నాడు. రూలు లేదన్నాను. సరేలెండి అని పెట్టేశాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలట్లేదు.”

తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. నాలుగేళ్లుగా భర్తని తిట్టుకుంటూనే బతికింది. మొండి మనిషి, ఒక్క రాత్రి ఎక్కడో తలదాచుకుంటే ఏం పోయేదని. ఆ తిట్లన్నీ వింటూ, మారు మాట్లాడకుండా ఇన్నాళ్లూ ఎవరో తన వెనకే నిలబడి ఉన్నట్టు అనిపించింది. తిరిగి చూసింది. మడతపెట్టిన బట్టలు తప్ప ఏమీ లేవు.

“మీరడిగినట్టే రాయించి పంపుతాను,” అన్నాడు గుమాస్తా. “పైవాళ్ల సంగతి నేను చూసుకుంటాను. ఈసారి రూలు లేదనను.”

గంట తిరక్కముందే కొత్త కాగితం వచ్చింది. చుట్టుదారి ఖర్చు, రాత్రి బస, రెండూ ఉన్నాయి. తల్లి పన్నిన ఉపాయం ఆమెకే ఎదురు తిరిగింది. ఇక వద్దనడానికి నోట ఒక్క ముక్క మిగల్లేదు.

“ఒప్పుకోరనుకున్నావు కదూ?” అంది కూతురు.

“నోరు మూసుకుని సంతకం పెట్టు.”

కూతురు పెట్టింది. దాని కింద ఇంకో గడి ఖాళీగా ఉంది: ప్రమాదం జరిగితే తెలియజేయవలసిన ఫోను నంబరు. పెన్ను అక్కడ ఆగింది.

“నాది రాయకు,” అంది తల్లి. ఆనాడు మోగింది ఆ ఫోనే.

“మరెవరిది రాయనమ్మా?”

తల్లి ఆలోచించింది. పిన్నికి గుండెజబ్బు. పక్కింటి టైలరు పిలిస్తే పలకడు. ఇంకెవరైనా దొరుకుతారేమోనన్నట్టు గదంతా కలియజూసింది.

కూతురికి తల్లి నంబరు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు. అయినా పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది.

తల్లి వచ్చి పక్కన కూర్చుని ఒక్కో అంకే చెప్పసాగింది. చివరి అంకె దగ్గర ఆగింది. కూతురు తొందరపెట్టలేదు. ఆ అంకె కూడా తల్లే చెప్పింది.