జిగురు ఆరేదాకా

పెళ్లయిన కొత్తలో అందరూ షికార్లకు వెళ్తారట. నేను మాత్రం మా ఆయన ఫొటో ఫ్రేముల కొట్టులో చెక్కపొట్టు మధ్య కూర్చునేదాన్ని. ఎంత బాగుండేదో! ఆయన చిత్రిక పడుతుంటే ఉంగరాలు తిరిగి రాలే పొట్టును జడలో తురుముకునేదాన్ని.

"డిగ్రీ చదివిన పిల్లవి, ఇవా నీకు పువ్వులు?" అని నవ్వేవారు.

ఆ ఉదయం మా పెళ్లి ఫొటోకే ఫ్రేము కడుతున్నాం. నాలుగు ముక్కల కొసలూ ఏటవాలుగా కోసి, జిగురు పూసి, చుట్టూ తాడు కట్టి, అందులో పుల్ల దూర్చి నన్ను మెలితిప్పమన్నారు. తిప్పేకొద్దీ తాడు బిగిసి మూలలు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి.

"జిగురు ఆరేదాకా పుల్ల వదలకు. వదిలావో, మన కాపురం నాలుగు ముక్కలే!"

పకపకా నవ్వుతున్నాను. అప్పుడే బావగారు వచ్చారు. కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. బావగారు ఫ్రేమును చూసి, ఖాళీగా ఉన్న అటక వైపు చూశారు.

"ఒరేయ్, నాన్న ఫొటోకని దాచిన చెక్క ఏదిరా?"

"ఎన్నాళ్లని దాస్తావన్నయ్యా? నాన్నకి ఇంకోటి తెద్దాంలే."

"ఇంకో నాన్నని కూడా తెస్తావా?"

ఫ్రేము లాక్కుని తమ్ముడి భుజం మీద బాదారు. పచ్చి జిగురు విడిపోయి ముక్కలు ఎగిరిపడ్డాయి. తాడూ పుల్లా నా ఒళ్లో పడ్డాయి. మా ఆయన గుద్దిన గుద్దుకు బావగారి పెదవి చిట్లింది. మెడలు పట్టుకుని, ఇద్దరూ అద్దాల మీద పడ్డారు. బావగారి చేతికి ఉలి దొరికింది. నేను అరిచేలోపే అది మా ఆయన మోచేతి కింద దిగింది.

ఉలి లాగేయగానే నెత్తురు ఎగజిమ్మింది. నా ముఖం మీద, జడలోని పొట్టు మీద. మోచేతి పైన తాడు చుట్టి, పుల్ల దూర్చి తిప్పాను. తిప్పాను. ధార సన్నబడింది గానీ, తడికి నా వేళ్లు జారిపోతున్నాయి. పుల్ల వదిలితే ప్రాణం పోతుంది. బండి కోసం నేనే పరుగెత్తాలి. కొట్టులో బావగారు తప్ప ఇంకెవరున్నారు?

"పట్టుకో!" అన్నాను, గారూ గీరూ మరిచి. "వదిలావో, నిన్నూ పొడుస్తా!"

ఉలి కింద పడేసి, పొడిచిన చేత్తోనే పుల్ల పట్టుకున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు పుల్ల తన చేతిలోకి తీసుకోబోతే బావగారి వేళ్లు విడివడలేదు. మా ఆయన పాలిపోయిన పెదవులతో, "ఇక వదులన్నయ్యా, ఆరిందిలే," అన్నారు.

"ఆరలేదురా," అన్నారు బావగారు, ఏడుస్తూ. "ఇంకా ఆరలేదు."