తెల్ల బోర్డు బండిలో ముందు సీటు

"పూలు పెట్టుకొని పోమే. బోసి తలతో కూర్చుంటే బాడుగ బండి అని తెలిసిపోతాది," అన్నాడు జయచంద్ర, అంగీ గుండీలు పెట్టుకుంటూ.

మునిరత్న నాలుగింటికి లేచి ఇడ్లీ పెట్టింది. అత్తకు వేన్నీళ్ళు కాచింది. కూతురికి జడ వేసింది. నిన్న ఘాట్ రోడ్డులో ఎవరి బిడ్డో వాంతి చేసుకున్న సీటును రెండోసారి కడిగింది. ఇన్ని చేసిన మనిషికి ఆ ఇంట్లో ఒకటే పేరుండేది: ఊరక కూర్చొని కొండకు పోయొచ్చే మనిషి.

రేణిగుంట స్టేషన్‌లో దిగిన యాత్రికులను తిరుమల కొండకు తోలడానికే సుమో కొన్నారు. జయచంద్రది కరెంటాఫీసులో గుమాస్తా పని. సర్కారు ఉద్యోగి వ్యాపారం చేయకూడదు కాబట్టి బండి పెండ్లాము మునిరత్న పేరు మీద రాయించాడు. తోలేది తమ్ముడు గిరిప్రసాద్. పసుపు నంబరు బోర్డు పెట్టించి టాక్సీ చేయాలని మొదట్లో అనుకున్నారు. అంతలో రెండువేల ఏడు జనవరి వచ్చింది. టాక్సీల ఇన్సూరెన్సు రేట్లు పెరిగాయి. దానిపైన మూడు నెలలకొకసారి పన్ను, ఏడాదికొకసారి బండికి ఫిట్‌నెస్ పరీక్ష. తెల్ల బోర్డుకైతే ఒకసారి కట్టిన పన్ను చాలు, సొంత బండి పాలసీ చాలు. కానీ తెల్ల బోర్డు బండిలో బాడుగ మనుషులను ఎక్కించుకుంటే బ్రేకు ఇనస్పెక్టరు పట్టుకుంటాడు. జయచంద్ర రెండు రోజులు ఆలోచించాడు. పన్ను లేనిది, ప్రీమియం లేనిది, డీజిలు తాగనిది ఇంట్లో ఒకటి ఉందని మూడోరోజు అతనికి తోచింది.

"ముందు సీట్లో మా ఇంటి ఆడమనిషి ఉంటే వాడు ఆపడు. ఆపినా, చుట్టాలు అని చెప్తే సరి. నువ్వు చేసేదేముండాది? కూర్చోవడమే గదా!"

అత్త రాఘవమ్మ కూడా అంది. "రోజూ కొండకు పోయే అదృష్టం ఎవురికి దొరుకుతాది? పెట్టి పుట్టినావు."

ఏడు నెలల్లో మునిరత్న రెండు వందల సార్లు కొండెక్కింది. ఒక్కసారీ దర్శనానికి పోలేదు. బండ్లు నిలిపే చోట కూర్చొని యాత్రికుల చెప్పులకూ సంచులకూ కాపలా కాసింది. కిందికి దిగేలోపల మళ్ళీ ఎవరికో చుట్టమయ్యేది. వరంగల్ డాక్టరుకు చెల్లెలు, గుంటూరు మిర్చి వ్యాపారికి మేనకోడలు, మద్రాసు ముసలాయనకు కోడలు. చెకింగు చోటు దగ్గర పడేకొద్దీ అందరూ ఆమెతో నవ్వుతూ మాట్లాడేవాళ్ళు. దాటగానే ఆ నవ్వు ఆరిపోయేది. వెనకాల వాళ్ళ ఇంటి మాటలు వాళ్ళవి. ఆ మాటలు వింటూ ఆమె కిటికీలోంచి కొండను చూసేది. ఇంతమంది చుట్టాలున్న మనిషి సాయంత్రం ఇంటికొస్తే, తిన్నావా అని అడిగే దిక్కు లేదు. జయచంద్ర అడిగేది ఒకటే, "ఎంతమంది ఎక్కినారు?"

పోయిన వారం ఇన్సూరెన్సు ఏజెంటు తిరుమలయ్య పాలసీ కొత్తది చేయించడానికి సంతకం కోసం వచ్చాడు. జయచంద్ర స్నానం చేస్తున్నాడు. కాఫీ తాగుతూ తిరుమలయ్య గొంతు తగ్గించాడు.

"ఊరక చెప్తా ఉండానమ్మా. కార్వేటినగరం మలుపులో ఒక తెల్ల బోర్డు బండి బోర్ల పడింది. బాడుగ మనుషులని తేలింది. కంపెనీ చేతులెత్తేసింది. ఇద్దరు పోయినారు, వాళ్ళకు పైసా రాలేదు. కేసు ఓనరు మీదికొచ్చింది. ఓనరు ఎవురనుకుంటివి? డ్రైవరు పెండ్లాము. సంతకం పెట్టమంటే పెట్టిందంట, పాపం."

అతను పోయాక మునిరత్న మొగుడిని అడిగింది. "ఏమన్నా అయితే నా మీదికే గదా వచ్చేది?"

"అయినప్పుడు చూద్దాంలే. పేరు రాయించినానని నెత్తికెక్కినావా?"

తల తుడుచుకోవడానికి ఆమె తుండు తెచ్చిచ్చింది. అతను తుడుచుకున్నాడు. మాట అక్కడితో అయిపోయింది.

ఈ పొద్దు స్టేషన్ దగ్గర కావలి నుంచి వచ్చిన నిర్మలమ్మ అనే పెద్దామె ఎక్కింది. వెంట కూతురు, కూతురి ఒళ్ళో చంటిబిడ్డ, అల్లుడు. బిడ్డకు మొదటి తలనీలాలు.

"అమ్మా, దారిలో ఎవరన్నా అడిగితే నేను మీ ఆడబిడ్డ కూతురినని చెప్పండి," అంది మునిరత్న. ఈ మాట ఆమెకు నోటికొచ్చిన పాఠం.

"దేవుని దగ్గరికి పోతా అబద్ధం ఎందుకు తల్లీ?"

"సొంత బండి. ఇన్సూరెన్సు మా ఇంటివాళ్ళకే. బాడుగకు తోలేదానికి కాదు."

నిర్మలమ్మ కూతురి ఒళ్ళో బిడ్డ మీద చెయ్యి వేసింది. "అంటే దోవలో మాకేమన్నా అయితే?"

గిరిప్రసాద్ నవ్వాడు. "ఏమీ కాదు పెద్దమ్మా. పదేండ్లుగా తోలతా ఉండా. నా చేతిలో కోడిపిల్ల కూడా సావలేదు."

మునిరత్న నవ్వలేదు. ఏడు నెలలుగా తన నెత్తిన కత్తి వేలాడుతోందని మాత్రమే ఆమె అనుకుంది. ఆ కత్తి కింద ఇంకెవరెవరు కూర్చున్నారో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. నిజం చెప్పాలంటే చూడ్డానికి ఇష్టపడలేదు. ఇప్పుడు చూసింది. బిడ్డ తల్లి రొమ్ము వదిలేసి నిద్రపోతోంది. చుట్టాలమని తాను చెప్పే ఒక్కొక్క మాట, రేపు ఏమన్నా అయితే వీళ్ళకు రావలసిన పరిహారాన్ని ముందే కొట్టేస్తోంది. అది మొగుడి మాట కాదు. తన నోటి మాటే.

అలిపిరికి ఇవతల జీపు నిలిపి ఉంది. బ్రేకు ఇనస్పెక్టరు బండి నిలపమని చెయ్యి చూపాడు. గిరిప్రసాద్ నిలిపాడు. ఇనస్పెక్టరు వంగి ముందు సీటు చూశాడు, వెనక బిడ్డను చూశాడు. ఏమీ అడగలేదు. పొమ్మని చెయ్యి ఊపాడు.

గిరిప్రసాద్ గేరు వేశాడు.

"ఆపు," అంది మునిరత్న.

"ఏమైంది వదినా?"

"ఆపమంటా ఉండానా."

బండి నిలిచింది. ఆమె తలుపు తీసుకొని దిగింది. వెనక తలుపు కూడా తానే తీసింది. "బస్టాండు ఈడికి దగ్గరే అమ్మా. కొండకు బస్సులు దండిగా ఉండాయి. మీ దుడ్లు మీకు తిరిగిచ్చేస్తాము," అని నిర్మలమ్మకు చెయ్యందించింది.

"వదినా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? అన్నకు తెలిస్తే..."

ఆమె అతని వైపు తిరగలేదు. జీపు దాకా నడిచింది.

"సార్, ఆ బండి నాది. వాళ్ళు నాకేమీ కారు, బాడుగకు ఎక్కించుకున్నాము. కేసు నా పేరు మీదే రాయండి."