ధర్మయ్య తెలుపు

తెల్లరంగు వెయ్యడం సులువని ఎవరైనా అంటే ధర్మయ్యకు ఒళ్లు మండేది. ఎరుపులో తప్పు జరిగితే ఆ ఎరుపు కిందే దాక్కుంటుంది, పచ్చలో జరిగితే పచ్చ కింద దాక్కుంటుంది, తెలుపులో దాక్కోవడానికి చోటే ఉండదని ఆయన వాదన. వాదనేమిటి, గర్వం. భిలాయి స్టీలుప్లాంటు సెక్టార్లలో పెళ్లి తలపెట్టిన తెలుగువాళ్లు ముందు ముహూర్తం పెట్టించుకునేవారు, వెంటనే ధర్మయ్యకు కబురు పెట్టేవారు. ధర్మయ్య తెలుపు కావాలంటే చాలు, షేడ్ కార్డు ఎవరూ అడిగేవారు కాదు.

ఆ తెలుపు వెనక పెద్ద రహస్యమేం లేదు. డబ్బాలోంచి తీసిన తెలుపు గోడెక్కాక పాలిపోయినట్టుంటుందని పాతకాలం పనివాళ్లు అందులో కాస్త నీలిమందు కలుపుతారు. ధర్మయ్య ఆ నీలిమందును పాత పంచె గుడ్డలో మూటగట్టి, తడిపి, డ్రమ్ములో ముంచి తిప్పేవాడు. ఎంతసేపు తిప్పాలన్నది కన్ను చెప్పాలి. ఆ కాసేపూ గదిలో పురుగు కూడా ఉండకూడదు. ఆంజి ఆయనకు మేనల్లుడు, పైగా అల్లుడు. అతన్ని కూడా టీ తాగి రమ్మని బయటికి తరిమేవాడు. కూతురు కల్యాణి ఆ రంగుల వాసనలోనే పెరిగింది, అయినా ఆ మూట ఒక్కనాడూ ఆమె చేతికివ్వలేదు. పరదాలు, వాల్‌పేపర్లు, సీలింగు సింగారాలు ఆమెవి. గోడలు మాత్రం తండ్రివి.

కొంతకాలంగా ధర్మయ్యకు లోకమంతా పసుపెక్కినట్టు కనిపిస్తోంది. అన్నం పచ్చగా ఉందనేవాడు, చొక్కాలు సరిగా ఉతకలేదనేవాడు. వైశాలి నగర్లో తన ఇంట్లో ట్యూబులైట్లు మార్పించి, కొత్తవీ అలాగే ఉన్నాయని కొట్టువాడితో పోట్లాడి వచ్చాడు. రంగుల కంపెనీల మీదైతే చెప్పనక్కర్లేదు.

"ఇప్పుడొస్తన్నది తెలుపేటి? పసుపు నీల్లు. మా కాలంలో ఇలాటి డబ్బా ఒస్తే ఆడి మొకానే కొట్టీవోళ్లం" అనేవాడు.

పాత పనివాడు అప్పలకొండ ఒకరోజు నోరు జారి, "మేస్త్రీ, నీలం కొంచెం ఎక్కువైనట్టుంది" అన్నాడు. అంతే, సాయంత్రానికి అతనికి పని లేదు. ఆ తర్వాత మరెవరూ ఆ సంగతి ఎత్తలేదు.

కుమ్హారి దగ్గర ఖారున్ నది ఒడ్డున కొత్త అపార్ట్‌మెంట్లు లేచాయి. రంగులు, లోపలి అలంకరణ అంతా కలిపి ఒకే చేతికి ఇస్తామని బిల్డరు కబురు చేశాడు. అయితే ముందు ఒక ఫ్లాటు నమూనాగా చేసి చూపించాలి. రంగుల విషయం చూసేది బిల్డరు భార్య రాజశ్రీ మేడమ్. నది కనబడాలి గనక గోడలు తెల్లగా ఉంటే చాలందావిడ. తెలుపన్న మాట వినగానే ధర్మయ్య మీసం దువ్వుకున్నాడు. ఆంజి మాత్రం గొంతు సవరించుకున్నాడు.

"మావయ్యా, దుర్గ్‌లో రంగుల కొట్టువాడు మిషను తెచ్చాడు. నంబరు కొడితే కంప్యూటరే కలిపేస్తాది. ఇంత పెద్ద పనికి చేత్తో కలపడం కష్టం."

"నంబరు కొడితే తెలుపొచ్చేస్తాదేటిరా? ఈ ఫ్లాటు నా చేత్తోనే కలుపుతాను. ఆవిడికి నచ్చకపోతే మరింక డ్రమ్ము జోలికి రాను, నువ్వే సూసుకో. నచ్చిందా, ఆ మిషను మాట నా సెవిని పడకూడదు."

ఆంజి సరేనన్నాడు. అంత తొందరగా ఎందుకు సరేనన్నాడా అని ధర్మయ్యకు తట్టలేదు.

నమూనా ఫ్లాటులో హాలు కిటికీలన్నీ నదివైపే. పుట్టీ, దానిమీద తెల్లటి ప్రైమరు పూత అయి గోడలు ఆరాక ధర్మయ్య అందర్నీ బయటికి పంపి మూట ముంచాడు. తిప్పాడు. పసుపు పోలేదు. మళ్లీ ముంచాడు. కంపెనీవాణ్ణి తిట్టుకుంటూ ఇంకోసారి ముంచాడు. చాలాసేపటికి రంగు తేటపడి, మల్లెపువ్వులా కనిపించింది. తలుపు తీసి అందర్నీ పిలిచాడు. ఆంజి డ్రమ్ములోకి చూసి కల్యాణి వంక తిరిగాడు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. ధర్మయ్య అది చూశాడు గానీ పట్టించుకోలేదు. మొగుడూ పెళ్లాల మధ్య సవాలక్ష ఉంటాయి.

రంగు ఆరాక కల్యాణి పరదాలు కట్టింది, దీపాలు పెట్టించింది. రాజశ్రీ మేడమ్ వచ్చి హాలు మధ్యలో నిలబడిపోయింది.

"భయ్యా, యే నీలా కహాఁ సే లాయే?"

ఈ నీలం ఎక్కణ్ణుంచి తెచ్చావంటుందేమిటని ధర్మయ్య కిటికీలోంచి నదికేసి చూశాడు. వానలకు నీళ్లింకా బురదగానే ఉన్నాయి. ఆ మాటే వినయంగా తన హిందీలో చెప్పాడు. ఆవిడ నవ్వి, గోడ మీద అరచెయ్యి ఆనించింది. నది సంగతి కాదు, దీని సంగతే అడుగుతున్నానంది.

వేళాకోళమనుకుని ధర్మయ్య ఆంజి వైపు తిరిగాడు. ఆంజి గచ్చు చూస్తున్నాడు. కల్యాణి అప్పటికే సర్దిన పరదా కుచ్చిళ్లను మళ్లీ సర్దుతోంది. రాజశ్రీ మేడమ్ మాత్రం ఆగకుండా మాట్లాడుతోంది. తాను అడిగింది తెలుపేనట, కానీ ఈ నీలం ఏ కార్డులోనూ చూడలేదట, ఇంత హాయిగా ఉంటుందనుకోలేదట. అన్ని బిల్డింగులకూ ఇదే కావాలట.

ఓడిపోతే ఏమనాలో ధర్మయ్య ముందే అనుకుని వచ్చాడు. ఇలా గెలవడం మాత్రం ఆయన ఊహలో లేదు.

"అలవాటైన చెయ్యి, మేడమ్" అన్నాడు చివరికి. ముసలితనంలో మొదలుపెట్టిన అబద్ధం అది.

తిరుగు ప్రయాణంలో వ్యాను హైవే ఎక్కాక ధర్మయ్య కూతురి వైపు తిరిగాడు.

"అమ్మా, నిజం సెప్పు. ఆ గోడ ఏటి రంగు?"

"నీలం, నాన్నా."

"సిన్న సాయా?"

"ఛాయ కాదు. నీలమే."

"ఎన్నాల్నుంచి?"

స్టీరింగు పట్టుకున్న ఆంజి చెప్పాడు. "రెండేళ్లు దాటింది మావయ్యా. నువ్వు కలిపి బయటికెళ్లగానే నేను తెలుపు పోసి సరిచేసేవాణ్ణి."

అంటే ఈ రెండేళ్లుగా జనం మెచ్చుకున్న ధర్మయ్య తెలుపు ధర్మయ్యది కాదు. పెళ్లివారు పెట్టిన కొత్త బట్టలు, భుజం తట్టిన చేతులు, అన్నీ ఆయనకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"మరీసారెందుకు సరిసెయ్యనేదు?"

"నేనే వద్దన్నాను" అంది కల్యాణి. "మేడమ్ నోటితో వింటేగానీ నువ్వు మానవని. మేం చెప్తే వినేవాడివా నాన్నా? అప్పలకొండ బాబాయిని ఏం చేశావు? దిన్‌భర్, పొద్దంతా నీ వెనకాల తిరిగి కవర్ చెయ్యడం మావల్ల కావట్లేదు."

అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే ఆయన్ని ఎక్కువ కోసింది. పరాయి మనిషి ముందు తండ్రి పరువు పోవాలని కూతురు ముందే అనుకుని, దానికి పరదాలు కట్టి, దీపాలు కూడా పెట్టింది.

దుర్గ్‌లో కంటి డాక్టరు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయన్నాడు. కుడికంటికి ఆపరేషన్ చేసి, ఎడమది వచ్చే నెల చేద్దామన్నాడు. కట్టు విప్పినప్పుడు ధర్మయ్యకు మొదట కనిపించింది ఆసుపత్రి దుప్పటి. అంత తెలుపు ఈ లోకంలో ఇంకా ఉందని తెలిసి ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పక్కన కూర్చున్న కల్యాణి తల నెరిసిందని కూడా అప్పుడే చూశాడు.

నయమయ్యాక ముందు కుమ్హారి వెళ్లాలన్నాడు. నమూనా ఫ్లాటులోకి అడుగుపెట్టి, గుమ్మంలోనే ఆగిపోయాడు. నీలం ఎక్కువై పాడైన పంచెలా ఉన్నాయి గోడలు. తన చేతి పనని తెలియకపోయి ఉంటే, వేసినవాణ్ణి అక్కడే చెడతిట్టి ఉండేవాడు.

అయినా మనిషి కుంగిపోలేదు. కన్నొచ్చింది కదా, డ్రమ్ము మళ్లీ తనదే అనుకున్నాడు. ఎదురు ఫ్లాటులో ఒక గోడకు సరిపడా తెలుపు కలిపాడు. ఈసారి కన్ను ఎక్కడ ఆపమందో చెయ్యి అక్కడే ఆగింది. గోడ ఆరాక కూతుర్నీ అల్లుణ్ణీ పిలిచి చూపించాడు. ఆంజి దగ్గరికి వెళ్లి, పక్కనుంచి చూసి, మళ్లీ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇదీ తెలుపంటే, మావయ్యా. నాకెన్నడూ రాలేదిది" అన్నాడు. ఆ మాటలో ఇచ్చకం లేదు. ధర్మయ్యకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో రాజశ్రీ మేడమ్ అటుగా వచ్చింది. ఆ గోడ చూసి, ప్రైమరు చక్కగా కొట్టారని మెచ్చుకుంది. ఇక రంగెప్పుడు వేస్తారని అడిగింది.

జీవితమంతా సాధన చేసిన పని కుదిరిన రోజున, అది రంగని కూడా ఆవిడకు తట్టలేదు. ధర్మయ్య డబ్బా ఒకటి బోర్లించుకుని కూర్చున్నాడు.

ఇక ఆ నీలం కోసం తిప్పలు మొదలయ్యాయి. ఆంజి గోడనుంచి పెచ్చు తీసుకెళ్లి దుర్గ్ మిషనుకు చూపించాడు. అది కలిపిన రంగు చూసి మేడమ్ ప్లాస్టిక్ బకెట్‌లా ఉందంది. ధర్మయ్య తానే కూర్చుని కలిపాడు. కాస్త నీలం దిగగానే మంచి కన్ను చాలు చాలంటుంది, చెయ్యి ఆగిపోతుంది. మొండిగా ముంచితే ముదిరిపోతుంది. ప్రతిసారీ ఆవిడ రావడం, తల అడ్డంగా ఊపడం. ఆపరేషన్ తర్వాత మీ చెయ్యి మారిపోయిందంది ఒకరోజు. వచ్చే వారానికల్లా అదే రంగు రాకపోతే రాయ్‌పూర్ వాళ్లను పిలుచుకుంటామని కూడా చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ కారు గేటు దాటేదాకా చూసి కల్యాణి తండ్రి దగ్గరికొచ్చింది.

"నాన్నా, దుర్గ్‌కి ఫోన్ చేశాను. ఎడమ కన్ను ఆపరేషన్ అభీ వద్దన్నాను. ఇక్కడ పనంతా అయ్యాక చేయిద్దాం."

"డాక్టరు వొచ్చే నెలన్నాడు గదమ్మా."

"ఆ రంగు వచ్చింది ఆ కంటితోనే కదా నాన్నా."

కూర తరగమన్నంత మామూలుగా అంది. కసి ఉంటే ధర్మయ్య ఏదో ఒకటి తిరిగి అనేవాడు. మేనల్లుడైనా అడ్డుపడతాడేమోనని ఆంజి మొహంలోకి చూశాడు. ఆంజి వంగి డ్రమ్ము మూత తీస్తున్నాడు.

ఆ నీలాన్ని ఆయన అసహ్యించుకున్నాడు. ఈ పనే వద్దు పొమ్మనాలని ఉంది. కానీ పొమ్మంటే రేపట్నుంచి ఇంట్లో కూర్చునే ముసలాడు తప్ప ఇంకేమీ కాడు. ఆ భయం ముందు అసహ్యం ఎంతోసేపు నిలవలేదు.

"ఒక సెయ్యి కంటికడ్డం పెట్టుకుంటే డ్రమ్మెలా తిప్పనే?"

కల్యాణి వెనకనుంచి వచ్చి తన అరచేత్తో ఆయన కుడికన్ను మూసింది. గది, గోడలు, డ్రమ్ములో రంగు అన్నీ ఒక్కసారిగా పసుపెక్కాయి. ధర్మయ్య గుడ్డమూట ముంచి తిప్పాడు. ఆంజి, కూలీలు చుట్టూ చేరి చూస్తున్నారు. ఎవర్నీ బయటికి పొమ్మనలేదు. పసుపు విరిగేదాకా ముంచుతూనే ఉన్నాడు.

"అదిగో, తెల్లబడింది" అన్నాడు.

"హాఁ, సరిగ్గా అదే నాన్నా" అంది కల్యాణి.

ఆయన కూతురి చెయ్యి తీసెయ్యబోయాడు. ఆమె తియ్యనివ్వలేదు.

"ఉండు నాన్నా. ఇంకో డ్రమ్ము తెస్తున్నారు" అంది.